పాములు పట్టే సేవ: శ్రీకాకుళంలో ఒక వర్షాకాలమంతా వాడి చూశాక

మా ఇల్లు శ్రీకాకుళంలో నాగావళి గట్టుకు ఎంతో దూరం లేని ఒక వీధి చివర ఉంది. 22 ఏళ్ళ కిందట కట్టుకున్నప్పుడు ఇంటి వెనుక వరి మడులు ఉండేవి. ఇప్పుడు అవి ఇళ్ళ స్థలాలయ్యాయి. కొన్ని స్థలాలను మట్టి పోసి ఎత్తు చేశారు, కొన్నింటిని అలాగే వదిలేశారు. వదిలేసిన వాటిలో వాన నీరు నిలిచి, తుప్పలు మొలిచి, కప్పలూ ఎలుకలూ చేరాయి. వాటి కోసం పాములు వచ్చాయి. ఏటా ఆషాఢం దాటేసరికి మా వీధిలో ఎవరో ఒకరి ఇంట్లో పాము కనిపించడం, కర్రలు తీసుకుని పది మంది పోగవడం మామూలే. గత వర్షాకాలంలో ఆ వంతు మాకు వచ్చింది. అప్పుడు పిలిచిన పాములు పట్టే కుర్రాడి పనిని, అతను ఇంటికి చేసిన మరమ్మతులను, అమ్మిన సరుకును దాదాపు ఐదు నెలలు పరీక్షించిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. అతను సంస్థ పెట్టుకున్నవాడు కాదు, పగలు వేరే పని చేసుకుని బతికే మనిషి, కాబట్టి పేరూ నంబరూ ఇక్కడ ఇవ్వడం లేదు. మీ ఊళ్ళో ఇలాంటి పని చేసేవారి వివరాలను అటవీ శాఖ కార్యాలయంలో అడిగి ముందే రాసి పెట్టుకోవడం మంచిది. పాము కనిపించాక నంబరు వెతుక్కోవడం ఎంత కష్టమో ఆ రాత్రి నాకు తెలిసింది.

రాత్రి ఎనిమిదిన్నర దాటింది. నా భార్య వంటింట్లో బియ్యం డ్రమ్ము మూత తీయబోయి, డ్రమ్ముకూ గోడకూ మధ్య బుస విని వెనక్కి వచ్చేసింది. నేను లైటు వేసి దూరం నుంచి చూస్తే పడగ విప్పిన నాగుపాము, పడగ మీద కళ్ళజోడు గుర్తుతో సహా, స్పష్టంగా కనిపించింది. పక్కింటివారు చెప్పిన నంబరుకు ఫోను చేశాను. వస్తానని చెప్పే ముందు అతను మూడు ప్రశ్నలు వేశాడు: ఎవరినైనా కరిచిందా, పాము ఇప్పుడు ఏ గదిలో ఉంది, ఇంట్లో చిన్నపిల్లలు గానీ కుక్క గానీ ఉన్నాయా. కరవలేదని చెప్పాక, వంటింట్లో నుంచి హాల్లోకి వచ్చే తలుపు వేసి, తలుపు కింద సందులో తడి తువ్వాలు చుట్టి పెట్టమన్నాడు. “దాన్ని అలగే ఉండనివ్వండి మాస్టారూ, కిటికీ లోంచి మీరొక్కరు సూస్తా ఉండండి, కళ్ళు మాత్రం తిప్పొద్దు,” అన్నాడు. ఈ మాటకు విలువ ఎంతో తరువాత అర్థమైంది. పాము ఏ మూలకు పోయిందో తెలియకపోతే, పట్టడం వచ్చినవాడైనా సామాన్లన్నీ ఒక్కొక్కటిగా కదపాలి, ప్రమాదమంతా అందులోనే ఉంటుంది.

పాతిక నిమిషాల్లో వచ్చాడు. మోకాళ్ళ వరకు బూట్లు, చేతిలో పొడవైన కొక్కెం, నల్లని గుడ్డ సంచి, దాని మూతికి బిగించిన మూడంగుళాల ప్లాస్టిక్ గొట్టం. అటవీ శాఖ ఇచ్చిన అనుమతి పత్రాన్ని అడగగానే ఫోనులో చూపించాడు. దీన్ని అందరూ అడగాలని నా అభిప్రాయం. పాములను చంపడం, అనుమతి లేకుండా పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరాలు. పట్టినవాడికి అనుమతి లేకపోతే పిలిచినవాడు కూడా చిక్కుల్లో పడవచ్చు.

పట్టిన తీరు నాకు బాగా నచ్చింది. తోక పట్టుకుని పైకెత్తి వేలాడదీసే విన్యాసం ఇక్కడ లేదు. గొట్టం మూతిని గోడ వారగా నేల మీద ఆనించి, డ్రమ్మును అవతలి వైపు నుంచి కొద్దిగా జరిపి, కొక్కెంతో పామును సున్నితంగా ఆ దిక్కుకు మళ్ళించాడు. వెలుతురు నుంచి తప్పించుకోవాలని చూస్తున్న పాముకు చీకటి బొరియ కనిపిస్తే దూరిపోతుంది. మొదటిసారి గొట్టం పక్క నుంచి జారి గ్యాసు పొయ్యి గట్టు కిందకు పోయింది. అతను కంగారు పడకుండా రెండు అడుగులు వెనక్కి వేసి, అది నెమ్మదించే దాకా ఆగాడు. రెండోసారి దానంతట అదే గొట్టంలోకి పోయి సంచిలోకి దిగింది. మొత్తం పన్నెండు నిమిషాలు పట్టింది. చేత్తో పామును ముట్టుకోనేలేదు.

ఇంత జాగ్రత్తగా లోపల పని చేసిన మనిషి, బయటికి వెళ్ళి వీధిలో పోగైన జనం కోరగానే సంచి విప్పి, కొక్కెం మీద పామును బయటికి తీసి, ఫోటోల కోసం పడగ విప్పించాడు. ముందు వరుసలో పదేళ్ళలోపు పిల్లలు నలుగురు నిలబడి ఉన్నారు. ఈ సేవలో నాకు కనిపించిన పెద్ద లోపం ఇదే. అప్పటికే బెదిరి ఉన్న పామును మళ్ళీ బయటికి తీయడం దానికీ మంచిది కాదు, చుట్టూ ఉన్నవారికీ మంచిది కాదు. నేను గట్టిగానే అడిగాను. “సూపించకపోతే జనం నమ్మరు మాస్టారూ, డబ్బుల కోసం వానపామును పట్టి కథ చెప్పాడంటారు,” అన్నాడు. అతని బాధ అబద్ధం కాదు. అయినా సంచి మూతి బిగించి, పారదర్శకమైన డబ్బాలో చూపించి వెళ్ళవచ్చు కదా అన్నాను. ఒప్పుకున్నాడు గానీ, ఆ తరువాత ఇంకో ఇంటి దగ్గర మళ్ళీ అదే ప్రదర్శన చేశాడని విన్నాను.

పామును ఎక్కడ వదిలాడో వీడియో పంపించాడు. అరకిలోమీటరు దూరంలో, నది ఒడ్డున ఇళ్ళు లేని తుప్పల్లో వదిలాడు. అంత దగ్గరలోనా అని మా అత్తగారు ఆందోళన పడ్డారు. పాముకు తాను తిరిగే చోటు, దాక్కునే బొరియ, తిండి దొరికే దారి తెలుసు. ఎక్కడో కొండల్లో తెచ్చి పడేస్తే కొత్త చోట దారి తెలియక ఎక్కువగా తిరిగి, చచ్చిపోయే అవకాశం పెరుగుతుంది. ఖాళీ అయిన చోటికి తిండి ఉన్నంతకాలం ఇంకో పాము వస్తుంది. ఈ లెక్క పాము పట్టిన కుర్రాడికి తెలుసు, అందుకే అసలు పని రేపు ఉదయం చేద్దామన్నాడు.

అసలు పని అంటే ఇంటిని చూడడం. ఈ సమీక్ష రాయడానికి కారణం అదే. మర్నాడు టార్చీ లైటు, ఒక పెన్సిలు పట్టుకుని వచ్చాడు. పెన్సిలు ఎందుకా అనుకున్నాను. ప్రతి సందులోనూ దాన్ని దూర్చి చూశాడు. పెన్సిలు దూరితే పాము పిల్ల దూరుతుంది, అదీ అతని కొలబద్ద. నాగుపాములు వేసవి నుంచి వాన తొలినాళ్ళ వరకు గుడ్లు పెడతాయి, దాదాపు రెండు నెలల్లో పిల్లలు బయటికి వస్తాయి, ఆ పిల్లకు కూడా పుట్టగానే విషం ఉంటుంది. గంటసేపు తిరిగి అతను రాసుకున్నవి: మూడు బయటి తలుపుల కింద సందులు, స్నానాల గదుల్లోనూ పెరట్లోనూ నీళ్ళు పోయే ఐదు తూముల మూతులు, ఏసీ గొట్టం కోసం గోడకు వేసి పూడ్చకుండా వదిలేసిన రంధ్రం. చివరిదాన్ని మేము ఆరేళ్ళుగా చూస్తూ ఒక్కసారి కూడా గమనించలేదు.

తలుపుల విషయంలో అతను అడిగిన ప్రశ్న నన్ను ఆలోచనలో పడేసింది. “గడపలేవీ మాస్టారూ?” మా పాత పెంకుటింట్లో ప్రతి గుమ్మానికీ ఎత్తైన గడప ఉండేది. తలుపు మూస్తే కింది అంచు గడపకు ఆనుకునేది, సందనేదే ఉండేది కాదు. ఈ ఇల్లు కట్టినప్పుడు వీధి గుమ్మానికి తప్ప మిగిలినవాటికి గడపలు వద్దనుకున్నాం. కాలికి తగులుతాయని, నేల తుడవడానికి అడ్డమని, గచ్చు అంతా ఒకే మట్టంగా ఉంటే అందమని అనుకున్నాం. ఆ వీధి గడప కూడా చెక్కది, అరిగిపోయి ఒక మూల వేలెడు సందు ఏర్పడింది. పండగకు దానికే పసుపు రాసి, ముగ్గు వేసి, ఆ మూలను మాత్రం ఎప్పుడూ చూడలేదు.

గడపలు వెంటనే కట్టించడం కుదరదు కాబట్టి మూడు తలుపుల కింది అంచుకు అల్యూమినియం పట్టీలో బిగించిన రబ్బరు పెట్టాడు. తూములకు స్టీలు జాలీలు వేశాడు. ఏసీ రంధ్రాన్ని సిమెంటుతో పూడ్చాడు. పాము పట్టినందుకు 500, తలుపు పట్టీలకు ఒక్కోదానికి 450 చొప్పున 1,350, జాలీలకు ఒక్కోదానికి 120 చొప్పున 600, సిమెంటు పనికి 250, మొత్తం 2,700 రూపాయలు తీసుకున్నాడు. రశీదు ఇవ్వలేదు, అడిగితే కాగితం మీద చేతిరాతతో రాసిచ్చాడు.

దానితోపాటు పాములు రాకుండా చల్లే పొడి అని రెండు పొట్లాలు 300 రూపాయలకు అంటగట్టాడు. ఇక్కడ అతని మీద నాకున్న గౌరవం కొంత తగ్గింది. వాసన చూస్తే కలరా ఉండల పొడి, గంధకం కలిపినట్టు అనిపించింది. ఇలాంటి పొడులు గానీ, ఫినాయిలు గానీ, వెల్లుల్లి నీళ్ళు గానీ పాములను ఆపుతాయని నమ్మదగిన ఆధారం లేదు. అందులోనూ శ్రావణ మాసపు వానకు ఆ పొడి ఒక్క పూటలో కొట్టుకుపోయింది. పామును ఇంత బాగా ఎరిగిన మనిషి ఈ పొడిని ఎందుకు అమ్ముతున్నాడని అడిగితే, జనం అడుగుతారని, ఇవ్వకపోతే ఇంకొకరి దగ్గర కొంటారని చెప్పాడు. కొనకండి.

ఈ సందర్భంలో నా తెలివితక్కువతనాన్ని కూడా ఒప్పుకోవాలి. అంతకు ముందు ఏడాది నేను ఆన్‌లైనులో 1,200 రూపాయలు పెట్టి, పెరట్లో నేలకు గుచ్చే సౌరశక్తి యంత్రాన్ని కొన్నాను. మనకు వినపడని అతిధ్వనులతో పాములను తరిమేస్తుందని దాని ప్రకటన. పాముకు బయటి చెవి లేదు. దవడ ఎముకల ద్వారా నేలలో వచ్చే కంపనాలను, గాలిలో వచ్చే తక్కువ పౌనఃపున్యపు శబ్దాలను మాత్రమే అది పసిగడుతుంది. సెకనుకు 20,000 కంపనాలు దాటిన అతిధ్వని దాని వినికిడికి ఎంతో పైన ఉంటుంది. గత వైశాఖంలో ఆ యంత్రానికి మూరెడు దూరంలో, మందార మొక్క మొదట్లో, చెక్కు చెదరని కుబుసం ఒకటి దొరికింది. యంత్రం మాత్రం ఇప్పటికీ వెలుగుతూనే ఉంది.

ఇక రబ్బరు పట్టీల సంగతి. మొదటి నెల అద్భుతంగా పనిచేశాయి, బొద్దింకలు, జెర్రులు కూడా తగ్గాయి. ఆరో వారంలో వంటింటి వెనుక తలుపు పట్టీ ఒక మూల కొరికేసి కనిపించింది. ఎలుకల పని. వంటింటి వాసన బయటికి వచ్చే తలుపు అదొక్కటే కాబట్టి మిగతావాటి జోలికి పోలేదు. మేము గమనించేసరికి అరచేయంత రబ్బరు పోయింది. అంటే పామును ఆపాలని పెట్టినదాన్ని పాము తినే ఎలుక తినేసింది. ఫోను చేస్తే రెండు రోజుల్లో వచ్చి, రబ్బరు తీసేసి గట్టి రేకు ముక్క బిగించి, రేకు ధర 150 మాత్రం తీసుకున్నాడు. వంటింటి తలుపుకు మొదటే రేకు పెట్టించుకోండి, రబ్బరును ఒప్పుకోకండి. జాలీల విషయంలో ఫిర్యాదు లేదు, కాకపోతే జుట్టూ సబ్బు నురగా చేరి వారానికి ఒకసారి శుభ్రం చేయకపోతే స్నానాల గదిలో నీళ్ళు నిలుస్తాయి.

భాద్రపదంలో రెండోసారి ఇతని అవసరం పడింది. స్నానాల గదిలో గోడ మీద, బల్లులు తిరిగే చోట, నల్లటి శరీరం మీద తెల్లటి పట్టీలున్న సన్నని పాము కనిపించింది. కట్లపాము అనుకుని గుండె ఆగినంత పనైంది. ఫోటో వాట్సాప్‌లో పంపితే, వెంటనే దగ్గరకు వెళ్ళొద్దని చెప్పి, పది నిమిషాల తరువాత అది కట్లపామును పోలిన విషం లేని పాము అని తేల్చాడు. కట్లపాము మీద పట్టీలు తల నుంచి కొంత వెనకగా మొదలై తోక వైపు స్పష్టంగా ఉంటాయి, జంటలుగా కనిపిస్తాయి. ఈ పాముకు పట్టీలు మెడ దగ్గరే మొదలై తోక వైపు మసకబారతాయి, పైగా బల్లుల కోసం గోడ ఎక్కగలదు. ఇది తెలుసుకోవడం బాగానే ఉంది గానీ, దీన్ని నమ్ముకుని చేత్తో తీయడానికి ప్రయత్నించేవారికి ఒక మాట: పిల్ల పాముల్లో ఈ గుర్తులు కలిసిపోతాయి. మేము తలుపు వేసి, అతను వచ్చేదాకా ఆగాం. ఈసారి 300 మాత్రమే తీసుకున్నాడు, ఫోటో చూసి చెప్పినందుకు ఏమీ తీసుకోలేదు.

అసలు కట్లపామును గుర్తుంచుకోవలసింది రాత్రిళ్ళు. అది చీకటి పడ్డాకే తిరుగుతుంది, నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది, కాటు చాలాసార్లు నొప్పి కూడా పెట్టదు. తెల్లారి కడుపులో నొప్పి, కళ్ళు మూతలు పడడం మొదలైతేగానీ తెలియదు. అతను చెప్పిన తరువాత మా అత్తగారు చాప వదిలి మంచం మీద పడుకోవడానికి ఒప్పుకున్నారు. దోమతెర అంచులు పరుపు కిందకు దోపుకోవడం కూడా అలవాటు చేసుకున్నారు. మూడు నెలలుగా నేను చెప్పినా వినని ఆవిడ, కొక్కెం పట్టుకున్న కుర్రాడు చెప్పగానే విన్నారు.

జెర్రిపోతు విషయంలో మాత్రం ఆవిడను ఒప్పించడం అతని వల్ల కూడా కాలేదు. పెరటి గోడ కింద ఆరడుగుల జెర్రిపోతు ఒకటి అప్పుడప్పుడు కనిపిస్తుంది. విషం లేదు, ఎలుకలను తింటుంది, దాన్ని పట్టనని అతను చెప్పేశాడు. జెర్రిపోతు నాగుపాముకు మగడని, ఇది ఉంటే అది వస్తుందని ఆవిడ వాదన. రెండు జెర్రిపోతులు పెనవేసుకుని లేచి నిలబడితే జత కట్టడమని జనం అనుకుంటారు గానీ, అది రెండు మగ పాముల కుస్తీ. ఆవిడ వినలేదు. అయినా కార్తీకంలో నాగుల చవితి నాడు పుట్ట దగ్గర పాలు పోయడానికి వెళ్ళేటప్పుడు మాత్రం ఆ గోడ పక్క నుంచే వెళ్ళారు.

అతను ఇచ్చిన ముద్రిత కాగితంలో పాము కరిస్తే ఏం చేయాలో ఉంది. అందులో ఒక తప్పు ఉంది, అది చిన్నది కాదు. కరిచిన చోటికి పైన తాడుతో గట్టిగా కట్టాలని రాసి ఉంది. రక్త ప్రసారం ఆగిపోయేలా కట్టడం, కోయడం, నోటితో పీల్చడం మూడూ హాని చేసేవే. చేయవలసింది ఒక్కటే: ఉంగరాలు, గాజులు తీసేసి, కరిచిన చేతిని గానీ కాలిని గానీ కదలకుండా కర్రబద్దతో సర్ది, 108కి ఫోను చేసి, వీలైనంత త్వరగా ఆసుపత్రికి చేర్చడం. శ్రీకాకుళంలో అందరూ రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి మేము దారి, సమయం ముందే చూసి పెట్టుకున్నాం. మన దేశంలో వాడే విషవిరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటికీ పనిచేసేలా తయారైనది, కాబట్టి పామును చంపి వెంట తీసుకెళ్ళవలసిన పని లేదు. దేశంలో ఏటా దాదాపు 58,000 మంది పాము కాటుతో చనిపోతున్నారని 2020లో వెలువడిన అధ్యయనం లెక్కగట్టింది. ఇంత ప్రాణాంతకమైన విషయంలో ఒక తప్పు వాక్యాన్ని వీధి వీధికీ పంచడం క్షమించదగినది కాదు. చూపించగానే అతను తల గీరుకుని, పాత కాగితాలన్నీ తీసేస్తానన్నాడు. కార్తీకంలో పక్క వీధిలో ఇచ్చిన కాగితం చూశాను, ఆ వాక్యం లేదు.

కోతులకు, తేనెపట్టుకు ఇతన్ని పిలవకండి, రాడు. అది తన పని కాదని మొదటే చెప్పడం కూడా ఒక మంచి గుణమే.

పాము పట్టినందుకు, ఇంటిని చూసినందుకు నేను ఇతనికి ఐదుకు నాలుగు ఇస్తాను, పొడికి సున్నా ఇస్తాను. ఇంటిని చూసే పనికి వేరే ధర చెప్పి, పాము రాకముందే, వైశాఖ జ్యేష్ఠాల్లోనే ఆ సేవ అందిస్తే మా వీధిలో ఎంతోమంది చేయించుకుంటారు. ఇప్పుడు పాము కనిపించిన ఇంటికి మాత్రమే ఆ పెన్సిలు వస్తోంది.

వంటింటి వెనుక తలుపుకు గడప పెట్టించాలని నిర్ణయించాం. తాపీమేస్త్రి వచ్చి చూసి, ఇప్పుడు ఎవరూ గడపలు కట్టించుకోవడం లేదని, నాలుగంగుళాల ఎత్తు పెడితే మోకాళ్ళ నొప్పులున్నవారు తిట్టుకుంటారని హెచ్చరించాడు. మా అత్తగారు వెంటనే రెండంగుళాలకు బేరం కుదిర్చారు. నల్లరాయి పలక వచ్చి పెరట్లో గోడకు ఆనించి ఉంది. మంచి రోజు చూసి అమరుస్తారట. అప్పటిదాకా రాత్రి తొమ్మిదికి ఆ తలుపు కింద తడి తువ్వాలు చుట్టి పెట్టడం నా పని.